మంచుబాటపై ఒక దినము: ఓస్లో నగరపు స్కీయాత్రల చరిత్ర

నార్వే దేశపు రాజధాని ఓస్లో. సముద్రము ఒక సన్నని పాయవలె ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరము భూమిలోనికి చొచ్చుకొనివచ్చి ఆగిన చోట ఈ నగరము వెలసినది. ఇది 60 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు చేరువగా ఉన్నది. శీతకాలమున ఒక ఆదివారమునాడు ఉదయము ఇచ్చటి భూగర్భ రైలు ఎక్కినవారికి మనకు అలవాటులేని దృశ్యమొకటి కనబడును. వృద్ధులు, పడుచువారు, పిల్లలు అందరును తలకొక జత పొడవైన పలకలను చేత పట్టుకొని పెట్టెలలో నిలబడి ఉందురు. నగరమధ్యమున, ఓడరేవుకు సమీపమున, వారు ఎక్కిన రైలు మెలికలు తిరుగుచు కొండనెక్కి, మూడు పావులగంట గడువకముందే సముద్రమట్టమునకు 469 మీటర్ల ఎత్తుననున్న ఫ్రోగ్నెర్‌సేటెరెన్ స్టేషనులో ఆగును. తలుపు తెరచుకొనగానే ఎదుట తెల్లని మంచు, నల్లని దేవదారు అడవి! అందరును పలకలను కాళ్ళకు తగిలించుకొని చెట్లమధ్యకు జారిపోవుదురు. ఆ పలకలే స్కీలు.

మంచు ఎరుగని దేశమున పుట్టిన మనకు ఇది కేవలము వినోదముగా తోచవచ్చును. కాని రైలెక్కకముందే ఆ ప్రయాణికుడు కొన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పుకొని ఉండవలెను. నేటి మంచు ఎట్టిది? పలకల అడుగున ఏ మైనము పూయవలెను? ఏ దారిన పోవలెను? వెలుతురు ఎంతసేపుండును? పోవుచోటు ఇంటివారికి తెలిపితినా? వాతావరణము చెడినచో ఎచ్చట వెనుదిరుగవలెను? ఈ ప్రశ్నలు గాని, వాటి సమాధానములు గాని ఒక్కనాట పుట్టినవి కావు. కొన్ని వేటగాండ్రు నేర్పినవి. కొన్ని రైతులు నేర్పినవి. కొన్ని ప్రయోగశాలలో తేలినవి. మరికొన్నింటికి మనుష్యులు ప్రాణములనే వెలగా చెల్లించిరి. ఒక్క దినపు విహారము వెనుకనున్న ఆ సుదీర్ఘచరిత్రను ఈ వ్యాసములో పరిశీలింతము.

చీల్చిన కొయ్య

‘స్కీ’ అను మాటకు ప్రాచీన నార్స్ భాషలో చీల్చిన కొయ్య అని అర్థము. పేరునుబట్టియే దాని పుట్టుక తెలియుచున్నది. ఉత్తర ఐరోపాలో శీతకాలము దీర్ఘమైనది. నెలల తరబడి నేల మంచుతో కప్పబడియుండును. ఆ కాలమున వేటకు పోవలెనన్నను, పొరుగు పల్లెకు పోవలెనన్నను, మోకాలిలోతు మంచులో నడచుట దుర్లభము. అందుచేత అచ్చటివారు చక్రమునకు బదులు పలకను ఆశ్రయించిరి. స్వీడన్ దేశమున కాల్వ్‌ట్రెస్క్ వద్ద బురదనేలలో దొరికిన స్కీలు సుమారు 5200 సంవత్సరముల నాటివి. నార్వే ఉత్తరతీరమున ఒక శిలపై, పొడవైన పలకలపై నిలిచియున్న మనిషి బొమ్మ చెక్కబడియున్నది. అదియు వేలయేండ్ల నాటిదే.

ఇటీవలి కాలమున దొరికిన సాక్ష్యము ఇంకను చిత్రమైనది. 2014లో నార్వే దక్షిణభాగమునందలి డిగెర్‌వార్డెన్ పర్వతముమీద, కరగుచున్న మంచుగడ్డ అంచున, పరిశోధకులకు ఒక స్కీ దొరికెను. దాని జత కొరకు వారు ఏడు సంవత్సరములు వేచియుండిరి. 2021లో మంచు మరికొంత కరగగా, మొదటిదానికి కొద్ది మీటర్ల దూరముననే రెండవదియు బయటపడెను. దాని పొడవు 187 సెంటీమీటర్లు, వెడల్పు 17 సెంటీమీటర్లు. వయస్సు సుమారు 1300 సంవత్సరములు. పాదము నిలుపు చోట మెలివేసిన భూర్జవృక్షపు కట్లు, తోలుపట్టీ, కొయ్యమేకు చెక్కుచెదరక ఉండెను. బాగుగా వాడి, మరమ్మతు చేసికొన్న గుర్తులు కూడ దానిపై ఉన్నవి. అనగా అది వేడుకవస్తువు కాదు. మన రైతుకు నాగలివలె, ఆ కొండవాసికి అది బ్రతుకుతెరువు సాధనము.

స్కీయాత్ర ప్రాణరక్షణకు అక్కరకు వచ్చిన ఘట్టమొకటి నార్వే చరిత్రలో ప్రసిద్ధము. 1206లో, అంతర్యుద్ధ సమయమున, హోకోన్ హోకోన్‌సన్ అను పసివాడైన రాజకుమారుని శత్రువుల బారినుండి తప్పించుటకై ఇద్దరు యోధులు వానిని ఎత్తుకొని, లిల్లెహామెర్ ప్రాంతమునుండి కొండలు దాటి తూర్పులోయకు స్కీలపై కొనిపోయిరి. ఆ బిడ్డయే 1217లో రాజయ్యెను. దీనికి జ్ఞాపకముగా 1932 నుండి నడచుచున్న పందెములో పాల్గొనువారు ఆ బిడ్డ బరువుకు గుర్తుగా మూడున్నర కిలోల మూటను వీపున మోయవలెను. ఆ మూటలో గాలి ఆడని దుస్తులు, ఆహారము పెట్టుకొందురు. సంప్రదాయముతోబాటు ముందుజాగ్రత్తయు అందు ఇమిడియున్నది.

మునుగకుండుట, జారుట

మన సముద్రతీరమున పొడి ఇసుకలో నడచినవారికి కాలు దిగబడుట అనుభవమే. ఇసుకపై పలక పరచి దానిమీద నిలిచినచో కాలు దిగబడదు. స్కీలలోని మొదటి సూత్రమిదియే. 75 కిలోల బరువుగల మనిషి బూట్లతో మంచుపై నిలిచినచో, రెండు బూట్ల అడుగుభాగము కలిపి సుమారు 500 చదరపు సెంటీమీటర్లు అనుకొన్న యెడల, ప్రతి చదరపు సెంటీమీటరుమీద 150 గ్రాముల బరువు పడును. రెండు మీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల వెడల్పుగల రెండు స్కీల వైశాల్యము 2000 చదరపు సెంటీమీటర్లు. అప్పుడు పడు బరువు 38 గ్రాములకు మించదు. ఒత్తిడి నాలుగవ వంతుకు తగ్గినది. అందుచేతనే మెత్తని మంచు కూడ మనిషిని మోయగలుగుచున్నది.

జారుటకు కారణమేమి? ఒత్తిడివలన మంచు కరగి నీరగుననియు, ఆ నీటిపొరపై స్కీలు జారుననియు పూర్వము కొందరు శాస్త్రజ్ఞులు తలంచిరి. లెక్క వేసి చూడగా ఇది సరిపడలేదు. వాతావరణపు ఒత్తిడి అంతటి ఒత్తిడిని అదనముగా కలిగించినను మంచు కరగు ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో నూరవ వంతు కూడ తగ్గదు. స్కీ కలిగించు ఒత్తిడి అంతకంటె ఎంతో తక్కువ. 1939లో బౌడెన్, హ్యూస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రయోగములుచేసి, రాపిడివలన పుట్టిన వేడియే మంచు పైపొరను కరగించి జారుడును కలిగించునని ప్రతిపాదించిరి. అరచేతులు రుద్దుకొనినప్పుడు వేడి పుట్టునట్లే ఇదియు. దీనితోబాటు, మంచు ఉపరితలమునందలి అణువులు లోపలి అణువులవలె గట్టిగా బంధింపబడియుండక కొంత స్వేచ్ఛగా కదలుచుండుననియు, అదియు జారుడుకు తోడ్పడుననియు తరువాతి పరిశోధనలవలన తెలిసినది. చలి మిక్కుటమైనప్పుడు ఈ రెండును తగ్గిపోవును. అప్పుడు మంచు జారదు. స్కీల క్రింద ఇసుకవలె గరగరలాడును. కనుకనే యాత్రికుడు ఉదయముననే ఉష్ణమాపకమువైపు చూచును.

మైనము చెప్పు రహస్యము

చదునైన నేలమీద స్కీలపై పోవువానికి ఒక చిక్కు కలదు. పలక ముందుకు జారవలెను. కాని కాలితో నేలను తన్నునప్పుడు వెనుకకు జారరాదు. ఒకే పలక ఈ రెండు పనులను ఎట్లు చేయును? మైనమే దీనికి ఉపాయము. పలక నిలిచి, దానిపై బరువు పడినప్పుడు మంచుకణముల మొనలు మైనములోనికి గ్రుచ్చుకొని పట్టు నిచ్చును. పలక కదలినంతనే ఆ పట్టు విడిపోవును.

మంచు అంతయు ఒకటి కాదు. అప్పుడే కురిసిన మంచుకణములకు వాడియైన మొనలుండును. వాటికి గట్టి మైనము చాలును. ఎండకు మెత్తబడిన మంచుకు మెత్తని మైనము కావలెను. కరగి మరల గడ్డకట్టిన మంచుపై ఏ గట్టి మైనమును పట్టదు; జిగురువంటి పదార్థమే కావలెను. పూర్వము పల్లెవారు తారు, కొవ్వు మొదలగువాటిని కాచి, ఎవరి పాళ్ళు వారు గుట్టుగా కలుపుకొనెడివారు. 1913లో పేటెర్ ఓస్ట్‌బి అను నార్వేవాసి అట్టి జిగురుమైనమునకు పేటెంటు పొందెను. 1940 దశకమున ఉష్ణోగ్రతనుబట్టి రంగులు నిర్ణయించిన మైనములు వచ్చెను. మిక్కిలి చలికి ఆకుపచ్చ, మధ్యస్థమైన చలికి నీలము, కరగుదశకు చేరువైన మంచుకు ఎరుపు. ఇట్లు ఒక కుటుంబపు రహస్యముగా నుండిన విద్య, రంగు చూచి ఎవరైనను ఎంచుకొనదగిన సామాన్యవిద్య అయ్యెను.

ఈ కథలో ఒక హెచ్చరిక కూడ కలదు. పందెములలో వేగము కొరకు ఫ్లోరిన్ సమ్మేళనములు కలిపిన మైనములు ప్రచారములోనికి వచ్చెను. అవి ప్రకృతిలో సులభముగా విచ్ఛిన్నము కావు. మట్టిలోను నీటిలోను నిలిచిపోవును. అందుచేత అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన పోటీలలో 2023 శీతకాలమునుండి వాటిని పూర్తిగా నిషేధించెను.

పల్లె నగరమునకు నేర్పిన పాఠము

పందొమ్మిదవ శతాబ్దమున ఓస్లో నగరమునకు క్రిస్టియానియా అని పేరు. 1624లో పెట్టిన ఆ పేరు 1925లో మారి, ప్రాచీనమైన ఓస్లో అను పేరు మరల వచ్చెను. నగరము చుట్టును అడవులు, కొండలు ఉన్నను, నాటి పట్టణవాసులకు స్కీ పల్లెవారి పనిముట్టుగనే కనబడెను. 1868లో జరిగిన ఒక పోటీ ఈ భావమును మార్చివేసెను.

టెలెమార్క్ జిల్లాలోని మోర్గెడాల్ అను పల్లెనుండి సోండ్రె నోర్‌హైమ్ అను పేదరైతు ఆ పోటీకి వచ్చెను. అప్పటికి అతని వయస్సు 42 సంవత్సరములు. ఆ పల్లె నగరమునకు సుమారు 200 కిలోమీటర్ల దూరము. అంతదూరమును అతడు స్కీలపైనే వచ్చెనని చెప్పుదురు. అంతవరకు స్కీలను బొటనవ్రేలి వద్దనే తోలుపట్టీతో కట్టుకొనెడివారు. వాలున దిగునప్పుడు కాలు పలకనుండి ఊడిపోవుచుండెను. దుముకుటకు గాని, మలుపు తిరుగుటకు గాని వీలులేకుండెను. నోర్‌హైమ్ మెలివేసిన సన్నని కొమ్మలతో మడమచుట్టును కట్టు కట్టెను. దీనితో మడమ పైకి లేవగలదు. కాని పాదము పలకను విడువదు. పలక నడుమ భాగమును కొంత సన్నముగా చెక్కి, మలుపు తిరుగుట సులభముచేసెను. నగరవాసులు నివ్వెరపడి చూచిరి. స్కీలపై తిరుగు మలుపులలో ఒకదానికి టెలెమార్క్ అనియు, మరియొకదానికి క్రిస్టియానియా అనియు పేరులు స్థిరపడెను. ఒకటి పల్లె పేరిట, ఒకటి పట్టణము పేరిట! నోర్‌హైమ్ మాత్రము పేదరికమునుండి బయటపడలేదు. 1884లో కుటుంబముతో అమెరికాకు వలసపోయి, 1897లో ఉత్తర డకోటాలో మరణించెను.

అతడు నాటిన విత్తు మాత్రము నగరమున మొలకెత్తెను. 1877లో క్రిస్టియానియా స్కీక్లబ్బు, 1883లో స్కీవిద్య నభివృద్ధిచేయుటకై మరియొక సంఘము ఏర్పడెను. 1892 జనవరి 30వ తేదీన నగరమునకు ఎగువన హోల్మెన్‌కోలెన్ కొండమీద తొలి పోటీ జరిగెను. నాటి దుముకులలో అన్నిటికంటె పొడవైనది 21.5 మీటర్లు. నేడు అదే కొండమీద వంద మీటర్లను మించి దుముకుచున్నారు.

అడవికి పోవు రైలు

విహారము కొందరి సొత్తు కాక అందరిదిగా మారుటకు రెండు వసతులు కావలెను: చేరుటకు దారి, చేరినతరువాత నీడ. నార్వే పర్యాటకసంఘమును 1868లోనే థామస్ హెఫ్టీ అను బ్యాంకరు తదితరులు స్థాపించిరి. కొండలలో విశ్రాంతిగృహములు కట్టుట, దారులకు గుర్తులు పెట్టుట ఈ సంఘము పని. మనము మొదట చెప్పిన ఫ్రోగ్నెర్‌సేటెరెన్ ప్రాంతము ఒకప్పుడు ఈ హెఫ్టీగారి సొంత ఆస్తియే.

1898 మే 31వ తేదీన నగరపు అంచుననున్న మాయోర్‌స్టూవెన్ నుండి హోల్మెన్‌కోలెన్‌వరకు విద్యుత్తు రైలుమార్గము ప్రారంభమయ్యెను. 1916లో ఈ మార్గము ఇంకను పైకి సాగెను. 1928లో క్రిందివైపున భూగర్భమార్గము త్రవ్వి దీనిని నగరమధ్యమునకు కలిపిరి. నార్డిక్ దేశములలో మొట్టమొదటి భూగర్భ రైలుమార్గమిదియే. 1934లో సోగ్న్స్‌వాన్ సరస్సు వద్దకు మరియొక శాఖ పడెను. దీనితో ఒక స్టేషనులో దిగి, అడవి దాటి, వేరొక స్టేషనులో రైలెక్కి ఇల్లు చేరు సౌకర్యము కలిగెను. కార్మికునికిని, గుమాస్తాకును, విద్యార్థికిని ఒక్క సెలవుదినమే చాలెను. 1957లో చేసిన చట్టమొకటి, ఎవరి భూమి అయినను సేద్యములేని ప్రకృతిప్రాంతములలో నడచుటకు ప్రజలకు అనాదిగా నున్న హక్కును ధ్రువపరచెను.

అన్నదమ్ముల ప్రమాదము

ఓస్లో చుట్టునున్న అడవి మనుష్యులకు మచ్చికయైనది. నగరమునకు పశ్చిమముగా దూరముననున్న హార్డాంగెర్‌విడ్డా పీఠభూమి అట్టిది కాదు. చెట్టు లేదు, చాటు లేదు. గాలికి అడ్డు లేదు. 1896 జనవరిలో ఇరువురు అన్నదమ్ములు దీనిని తూర్పునుండి పడమరకు స్కీలపై దాటుటకు బయలుదేరిరి. తమ్మునికి అప్పుడు 23 సంవత్సరములు. అతని పేరు రోఆల్ అముండ్సెన్. అన్న పేరు లెయోన్. ఎనిమిది సంవత్సరములకు ముందు, 1888లో, ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అయిదుగురు సహచరులతో గ్రీన్‌లాండు మంచుభూమిని స్కీలపై దాటెను. ఆ వార్త విన్న యువకులలో ఉత్సాహము పొంగిపొరలుచుండెను. అముండ్సెన్ వారిలో ఒకడు.

ఉత్సాహమున్నది గాని ఏర్పాటు చాలలేదు. తుపాను పట్టుకొనెను. దారి తప్పిరి. ఆహారము పోయెను. ఒకరాత్రి రోఆల్ మంచులో చిన్న గుంత త్రవ్వి, సంచిలో దూరి నిద్రించెను. తెల్లవారునప్పటికి తడిమంచు అతనిని కప్పి గడ్డకట్టెను. చేయి కదలదు; కేక బయటికి వినబడదు. అన్న వెదకి, మంచు త్రవ్వి బయటికి లాగెను గనుక బ్రతికెను. ఆకలితో అలసటతో తాము బయలుదేరిన వైపునకే వారు తిరిగివచ్చిరి.

ఆ పరాభవమును అముండ్సెన్ మరువలేదు. పదునైదు సంవత్సరముల తరువాత దక్షిణధ్రువమునకు పోవునప్పుడు ఆయన చేసిన ఏర్పాటులు చూడుడు. దారిలో ఆహారపు నిలువలు పెట్టుటయే కాదు. పొగమంచులో అవి తప్పిపోకుండ, దారికి అడ్డముగా ఇరుప్రక్కల జెండాలను వరుసగా పాతించెను. నోర్‌హైమ్ పుట్టిన మోర్గెడాల్ పల్లెనుండియే వచ్చిన ఓలావ్ బ్యోలాండ్ అను స్కీవీరుడు బండ్లను చిత్రికపట్టి బరువు తగ్గించెను. అయినను 1911 సెప్టెంబరులో తొందరపడి బయలుదేరి, సున్నకు దిగువ 56 డిగ్రీల చలిని ఎదుర్కొని, కొందరి పాదములు గడ్డకట్టగా వెనుకకు మరలెను. అక్టోబరులో మరల బయలుదేరి, డిసెంబరు 14వ తేదీన నలుగురు సహచరులతో ధ్రువము చేరెను. సెప్టెంబరులో మరలియుండనిచో డిసెంబరులో చేరుట సాధ్యమయ్యెడిదా? ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే.

తొమ్మిది నియమములు

మహాయాత్రికునకు పట్టుబడిన ఈ వివేకము సామాన్యులకు చేరుటకు మరికొంత కాలము పట్టెను. ఈస్టరు సెలవులలో వేలమంది నార్వేవారు కొండలకు పోవుట ఆనవాయితీ. మార్చి, ఏప్రిలు మాసములలో పగలు పొడవైనది, ఎండ హాయియైనది. అయినను కొండమీద వాతావరణము గంటలో మారిపోవును. 1950 దశకముననే రెడ్‌క్రాసు, పర్యాటకసంఘము కలిసి కొండయాత్రికులకు నియమములను ప్రచారముచేసిరి. 1967 ఈస్టరు సెలవులలో 18 మంది ప్రాణములు కోల్పోయిరి. దేశమంతయు దిగులుపడెను. అటుపిమ్మట ఆ నియమములు బడిపిల్లలకు సైతము కంఠస్థములయ్యెను. యాత్రలలో అందరును తినెడి ఒక చాకొలెట్టు కాగితములోపల కూడ వాటిని అచ్చువేసిరి. జ్ఞానప్రచారమునకు ఇంతకంటె సులభమైన మార్గమేమి కలదు?

2016లో సవరించిన ఈ నియమములు తొమ్మిది. వాటి సారాంశమిది: యాత్రను ముందుగా ఆలోచించుకొని, పోవు దారిని ఇతరులకు తెలుపవలెను. శక్తికిని, పరిస్థితులకును తగినట్లు యాత్రను మార్చుకొనవలెను. వాతావరణ సూచనలను, మంచుచరియల హెచ్చరికలను గమనింపవలెను. చిన్న యాత్రకైనను తుపానుకును, చలికిని సిద్ధపడవలెను. తనకును, ఇతరులకును సాయపడు సామగ్రి ఉండవలెను. చరియలు విరుగు వాలులను, పలుచని మంచు కప్పిన సరస్సులను విడిచి సురక్షితమైన దారి నెంచుకొనవలెను. పటమును, దిక్సూచిని వాడి ఎచ్చటనున్నదియు ఎల్లప్పుడు తెలిసికొనవలెను. సకాలమున వెనుదిరుగవలెను, అందు సిగ్గుపడ పనిలేదు. శక్తిని మిగుల్చుకొని, అవసరమైనచో మంచులోనే గూడు త్రవ్వుకొని తలదాచుకొనవలెను.

వీటిలో ఎనిమిదవది అన్నిటికంటె కష్టమైనది. దిక్సూచి వాడుట ఒక పూటలో నేర్వవచ్చును. నలుగురిలో ‘ఇక చాలు, వెనుకకు పోదము’ అనుటకు గుండె కావలెను. దానిని సిగ్గుగా భావింపని సంఘము కావలెను. ఒక జాతి తన పిల్లలకు ఈ మాటను నియమముగా నేర్పుట వారి వివేకమునకు గుర్తు.

మంచుచరియల విషయము కూడ నేడు చాలవరకు శాస్త్రమునకు లోబడినది. సాధారణముగా 30 డిగ్రీలకు మించిన వాలులలోనే పొరమంచు ఒక్కుమ్మడిగా విరిగి జారును. క్రిందిపొర బలహీనమై, పైపొర గాలికి గట్టిపడినప్పుడు ఒక్క మనిషి బరువే చాలును. 2013 నుండి నార్వేలో శీతకాలమున ప్రతిదినము ప్రాంతములవారీగా హెచ్చరికలు వెలువడుచున్నవి. ప్రమాదస్థాయిని ఒకటి మొదలు అయిదువరకు అంకెలతో సూచింతురు.

ఒక ఆదివారపు లెక్క

ఇప్పుడు మరల ఆ రైలు ప్రయాణికునివద్దకు వత్తము. అది డిసెంబరు చివరివారము అనుకొందము. ఓస్లోలో అప్పుడు సూర్యుడు తొమ్మిది దాటిన తరువాత ఉదయించి, మూడు దాటిన కొద్దిసేపటికే అస్తమించును. పగలు ఆరు గంటలు మాత్రమే. అతడు ఫ్రోగ్నెర్‌సేటెరెన్‌లో దిగి, నోర్డ్‌మార్కా అడవిలోని ఉల్లెవోల్‌సేటెర్ విశ్రాంతిగృహము మీదుగా సోగ్న్స్‌వాన్ చేరదలచెను. మొత్తము దూరము పదిహేను కిలోమీటర్లకు అటూఇటూ ఉండును. గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు; విశ్రాంతికి, వేడివేడి పానీయమునకు ఒక గంట. పదిగంటలకు బయలుదేరినచో రెండింటికి చేరును. చీకటిపడుటకు ఇంకను గంటకు పైగా మిగులును. ఈ గంట వృథా కాదు. కట్టు తెగినను, పిల్లవాడు అలసినను, దారి తప్పినను అక్కరకు వచ్చు నిలువధనమది. అదే యాత్రకు పన్నెండింటికి బయలుదేరినవానికి ఆ నిలువ లేదు. అతడు నడుమనే మరలవలెను, లేదా దీపములు గల దారిని ఎంచుకొనవలెను.

అడవిలో చెట్లపై ఎర్రని గుర్తులు స్కీదారులను, నీలపు గుర్తులు వేసవి కాలిబాటలను తెలుపును. ఈ భేదము ప్రాణావసరమైనది. స్కీదారి గడ్డకట్టిన సరస్సు మీదుగా పోవచ్చును. వేసవిబాట పలకలు పట్టని రాళ్ళమధ్య పోవచ్చును. నగరము చుట్టునున్న అడవులలో రెండువేల కిలోమీటర్లకు పైబడిన స్కీదారులను యంత్రములతో చదునుచేయుచున్నారు. 1883లో పుట్టిన సంఘమే నేటికిని ఈ పనిలో ముందున్నది. 2009లో వచ్చిన ప్రత్యేకచట్టము ఈ అడవిని ఇండ్లస్థలములుగా మారిపోకుండ కాపాడుచున్నది.

ఇక ముందు ఏమగును?

1952లో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు ఓస్లోలో జరిగెను. వాటి జ్యోతిని గ్రీసునుండి తేలేదు. మోర్గెడాల్‌లో నోర్‌హైమ్ పుట్టిన చిన్న ఇంటి పొయ్యిలో వెలిగించి, స్కీలపై చేతులు మార్చుకొనుచు నగరమునకు కొనివచ్చిరి. పేదరైతునకు ఆలస్యముగానైనను దక్కిన గౌరవమది. అయితే ఆ సంవత్సరము కొన్ని పోటీలకు చాలినంత మంచు లేక, సైనికులు, విద్యార్థులు మంచును మోసితెచ్చి వాలులపై పరచవలసివచ్చెను. నాడు అది ఒక సంవత్సరపు ఇబ్బంది. భూమి వేడెక్కుచున్న నేటికాలమున అది తరచుగా ఎదురగు సమస్య. సముద్రమునకు చేరువగానున్న పల్లపుప్రాంతములలో శీతకాలపు ఉష్ణోగ్రత సున్నకు అటూఇటూ ఊగులాడును. కావున ఒకటి రెండు డిగ్రీల మార్పే మంచును వానగా మార్చివేయును. హోల్మెన్‌కోలెన్‌లో యంత్రములతో మంచు తయారుచేయుచున్నారు. కాని వందల కిలోమీటర్ల అడవిదారిని యంత్రముతో నింపుట అయ్యెడి పని కాదు.

1300 సంవత్సరములు దాచియుంచిన స్కీలను పర్వతము మనకు తిరిగి యిచ్చినదని సంతోషించితిమి. అవి బయటపడుటకు కారణము మంచు కరగుటయే. చరిత్రకు లాభమైనది, రేపటి యాత్రికునికి నష్టమగుచున్నది.

ఇన్ని తరములు ప్రశ్నకు ప్రశ్న చేర్చుకొనుచు ఈ విద్యను పెంచినవి. వేటగాడు పలకనడిగెను, రైతు కట్టునడిగెను, శాస్త్రజ్ఞుడు జారుడుకు కారణమడిగెను, అముండ్సెన్ మరలుటకు సమయమడిగెను. నేటి ప్రయాణికుడు ఇంటినుండి కదలకముందు ఇంకొక ప్రశ్న అడుగుకొనవలసి వచ్చుచున్నది: అసలు మంచు ఉన్నదా? దీనికి సమాధానము ఓస్లోవాసుల చేతిలో మాత్రమే లేదు. బొగ్గును, చమురును మండించు దేశములన్నిటి చేతిలోను ఉన్నది. దారి తప్పినామని తెలిసినప్పుడు సకాలమున వెనుదిరుగుట సిగ్గు కాదని ఆ కొండలు నేర్పిన పాఠము మనకందరికిని వర్తించును.